తెల్ల క్యాన్ వెంట సముద్రం దాకా

ఉదయం ఆరూ ఇరవైకి బొబ్బిలి ఆర్టీసీ కాంప్లెక్సులో విజయనగరం బస్సు ఎక్కాను. సిద్ధమై చేసిన ప్రయాణం కాదు. చేతిలో సంచి లేదు, మార్చుకోవడానికి చీర లేదు, తల కూడా దువ్వుకోలేదు. పక్క సీట్లో సింహాచలం కూర్చున్నాడు. నలభై ఏళ్ళ కౌలు రైతు. కండక్టరు వస్తే జేబులో చెయ్యి పెట్టాడు గాని నోటు బయటికి తీయలేకపోయాడు. రెండు టికెట్లూ నేనే తీశాను.

ఎందుకు బయల్దేరామో ముందు చెప్పాలి.

బొబ్బిలికి దగ్గర్లో మా ఊళ్ళో పదకొండుమంది ఆడవాళ్ళం కలిసి ఎద్దు గానుగ నడుపుతున్నాం. మందు కొట్టకుండా పండించిన నువ్వులు తెచ్చి, మంచినూనె ఆడించి, రెండు జిల్లాల్లో తెలిసినవాళ్ళకు పంపుతాం. ఆడించడం మిగతావాళ్ళ పని, నూనెను ఊళ్ళకు చేర్చడం నా పని. మాకు సొంత బండి లేదు. కావాలనే కొనలేదు. పొద్దున్నే పట్నంలో పాలు దించిన వ్యాను ఖాళీగా తిరిగొస్తుంది. చేపలు తెచ్చిన ఆటో ఖాళీ పెట్టెలతో సముద్రం వైపు తిరిగి వెళ్తుంది. ఎలాగూ వెళ్ళే బండిలో మా క్యాన్ ఒక మూల కూర్చుంటే కొత్తగా కాలే డీజిలు ఏముంది? క్యాన్లూ అంతే. ఐదు లీటర్ల తెల్ల ప్లాస్టిక్ క్యాన్లు. నూనె అయిపోయాక వెళ్ళిన దారినే తిరిగొస్తాయి. వేడినీళ్ళతో కడిగి, ఎండబెట్టి మళ్ళీ నింపుతాం. ఒక్కటీ చెత్తకుప్పలోకి పోదు. మీటింగుల్లో ఈ మాట చెప్పేటప్పుడు నా గొంతు కాస్త పెద్దదయ్యేది.

మొదట్లో ప్రతి క్యాన్‌కీ పెయింటుతో నంబరు వేసి, ఏది ఎక్కడికి వెళ్ళిందో పుస్తకంలో రాసేవాళ్ళం. కడిగినప్పుడల్లా నంబర్లు చెరిగిపోయేవి. "ఎన్ని వెళ్ళాయో ఎన్ని వచ్చాయో చూసుకుంటే చాల్లే" అని కిందటి వేసవిలో ఆ పని మాన్పించింది నేనే.

ఆ రోజు పొద్దున్న ఐదున్నరకు, మా క్యాన్లు కడిగే తవిటమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. వెనకాల ఆమె భర్త సింహాచలం.

"అక్కా, ఒక క్యాను తప్పు కలిసిపోనాదక్కా" అంది. మిగతాది సింహాచలం చెప్పాడు. కిందటేడు వరికి కొట్టగా మిగిలిన పురుగుమందును తమ్ముడి పొలానికి మోసుకెళ్ళడానికి మా ఖాళీ క్యాన్ ఒకటి వాడుకున్నాడు. తర్వాత కడిగి పశువుల శాలలో అటక మీద పెట్టాడు. నాలుగు రోజుల కిందట శాల దులుపుతూ తవిటమ్మ దాన్ని చూసింది, మాదే కదా అని మిగతా ఖాళీల్లో కలిపేసింది. ముందురోజు సాయంత్రం అతను వెతికితే అటక మీద లేదు.

"మూడుసార్లు బూడిదెట్టి తోమినానక్కా. వాసన పోనాది. అందుకే దానికి తెల్దు" అన్నాడు. "అడుగున మచ్చుంటాది. నిప్పు తగిలి రూపాయి బిళ్ళంత కాలినాది" అన్నాడు.

మా దగ్గరున్న క్యాన్లన్నీ తిరగేసి చూశాం. మచ్చ ఉన్నది లేదు. ఆ నాలుగు రోజుల్లో నింపి పంపినవి ఐదు. రెండు శ్రీకాకుళం, ఒకటి నెల్లిమర్ల, రెండు కోటబొమ్మాళి. శ్రీకాకుళంలో మా నూనె అమ్మే ఆవిడ నిద్రలేచి, చూసి, రెండూ శుభ్రంగా ఉన్నాయని చెప్పింది. కోటబొమ్మాళిలో మా నూనె అమ్మిపెట్టే సూరమ్మ పొలం నుంచి మాట్లాడింది. "రెండూ ఇంటికాడే ఉన్నాయి. కోడలు కన్నోరింటికెల్లింది, తాళమేసుంది. తొమ్మిదిన్నరకి ఇంటికెల్లి సూసి సెప్తాను" అంది. నెల్లిమర్లలో పార్వతి ఫోను మాత్రం కట్టేసి ఉంది. ఆమె జూట్ మిల్లులో పొద్దుటి షిఫ్టు చేస్తుంది. ఇంట్లో ఇద్దరు పిల్లలు. కూరకి ఆ నూనే వాడుతుంది. అందుకే నెల్లిమర్లకు పరుగు పెట్టాం. మచ్చను గుర్తుపట్టేవాడు కావాలని సింహాచలాన్ని వెంట తీసుకెళ్ళాను.

ఈ దారిలో నేను చాలాసార్లు తిరిగాను, తిరిగినచోట్ల గురించి రాశాను కూడా. గజపతినగరం దగ్గర మామిడితోటలు చూసుకుంటూ, ఆగినచోటల్లా ఏదో ఒకటి తింటూ వెళ్ళే అలవాటు. ఆ రోజు గజపతినగరంలో బస్సు ఆగితే, ముందు సీట్లో ఆవిడ కాగితంలో వేడి గారెలు కొనుక్కుని వెనక్కి తిరిగింది.

"తినమ్మా, ముఖం అలా వాడిపోయింది. ఎవరికైనా ఒంట్లో బాగోలేదా?"

కాగితానికి అంటిన నూనె వెలుగులో మెరిసింది. వద్దని చెయ్యి ఊపి కిటికీ వైపు తిరిగాను. ఆవిడ నొచ్చుకునే ఉంటుంది.

ఎనిమిదికి విజయనగరం, అక్కణ్ణుంచి ఆటోలో ఎనిమిదిన్నరకు నెల్లిమర్ల. మిల్లు గేటు దగ్గర కాపలా మనిషి మమ్మల్ని ఎగాదిగా చూసి, "షిప్టు మద్దెలో పిలవరమ్మా. ఏటి పని?" అన్నాడు. నేను చెప్పేలోపే సింహాచలం రెండు చేతులూ జోడించాడు. "వాళ్ళింట్లో మందున్నాది బాబూ. పిల్లలు తినేస్తారు" అన్నాడు. ఆ మనిషి ఇంకేమీ అడగకుండా లోపలికి పరుగెత్తాడు.

పార్వతి జుట్టునిండా నార పీచుతో బయటికొచ్చింది. సంగతి వినగానే, మిల్లు వెనక వీధిలోని ఇంటిదాకా మాకంటే ముందు పరుగెత్తింది. పిల్లలు బడికి తయారవుతున్నారు. పొయ్యి పక్కన మా క్యాన్. మూత తీసి ఉంది, కొంత అయిపోయింది. పార్వతి దాన్ని పైకెత్తింది. సింహాచలం కిందికి వంగి అడుగు చూశాడు, వేలితో తడిమాడు.

"ఇది కాదు" అన్నాడు.

పార్వతి క్యాన్ కింద పెట్టి, నూనెంతా పెరట్లో పారబోసింది. మేం కాదని చెప్తున్నా వినలేదు. చిన్నపిల్లను చంకలో ఎత్తుకుని నావైపు చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది.

తొమ్మిదీ ముప్ఫయి అయిదుకి రావలసిన పలాస వైపు పాసింజరు ఇరవై నిమిషాలు ఆలస్యంగా నెల్లిమర్ల వచ్చింది. ఇక మిగిలినవి కోటబొమ్మాళి రెండే. రెండూ తాళం వేసిన ఇంట్లో ఉన్నాయి. భయం కాస్త తగ్గి, పెట్టెలో అమ్మకానికొచ్చిన ఇడ్లీలు చెరో పొట్లం తీసుకున్నాను. సింహాచలం తన పొట్లం విప్పకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

చీపురుపల్లి దాటాక సూరమ్మ ఫోను చేసింది.

"అమ్మా, ఇంటికాడ ఒక్కటే ఉన్నాది. దానికి మచ్చ లేదు."

"రెండోది?"

"కోడలు నిన్న మజ్జాన్నం నూకమ్మకి ఇచ్చేసిందంట. రోజూ చేపలు తెస్తాది కదా, ఆయమ్మి. కూతురు పురుడోసుకుంది, గుంటకి ఒంటికి రాయడానికి మంచినూనె కావాలని అడిగిందంట."

రైలు చప్పుడులో సరిగ్గా వినపడలేదనుకుని మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే చెప్పింది, పసిపిల్ల ఒంటికి రాయడానికని.

"నూకమ్మ ఫోను నంబరుందా?"

"నా కాడ లేదు. ఆల్లాయన నంబరు చేపలోల్లిచ్చినారు. అందట్లేదు, సముద్రం మీద ఏటకెల్లుంటాడు. ఈయాల నూకమ్మ సంతకి రానేదు. ఊరు తెల్సు, ఇల్లు తెల్దు."

మా పుస్తకం కోటబొమ్మాళి దగ్గర ఆగిపోతుంది. ఆ తర్వాత మా నూనె ఎవరి ఇంటికి వెళ్తుందో, ఎవరి ఒంటికి తగులుతుందో మేం ఎన్నడూ రాసుకోలేదు. సూరమ్మకు ఆటో మాట్లాడి స్టేషను బయట ఉంచమని చెప్పాను. ఇంకేం చేయాలో తోచలేదు.

సింహాచలానికి చెప్పక తప్పలేదు. అతను విని, "ఎన్ని రోజుల గుంట?" అని అడిగాడు. తెలీదన్నాను.

దూసి దగ్గర బండి ఆగిపోయింది. ముందు గూడ్సును వదలాలట. ఎదురుగా కూర్చున్న పెద్దాయన, ఆమదాలవలసలో దిగవలసినవాడు, గడియారం చూసుకుని నవ్వాడు. "ఇక్కడ ఆగకపోతేనే ఆశ్చర్యమమ్మా. హాయిగా ఓ కునుకు తీయొచ్చు." నేను పెట్టె తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఇరవై రెండు నిమిషాలు. దిగి పరుగెత్తితే త్వరగా చేరతానేమో అన్నంత వెర్రి ఆలోచన వచ్చింది. బండి కదిలి నాగావళి వంతెన మీదికి ఎక్కినప్పుడు కింద ఇసుకలో ఎవరో ఆడమనిషి పిల్లకు స్నానం చేయిస్తోంది. చూడలేక కళ్ళు మూసుకున్నాను.

పన్నెండూ పదికి కోటబొమ్మాళిలో దిగాం. సూరమ్మ ఆటోతో బయట నిలబడి ఉంది. అరవై ఏళ్ళ మనిషి, ఎండలో చెమటతో తడిసిపోయింది. "నానూ వస్తాను, నా సేతుల మీంచి ఎల్లినాది" అని ముందే ఎక్కి కూర్చుంది. సంతబొమ్మాళి మీదుగా వెళ్ళాం. ఆటోవాడు మూడు వందలన్నాడు, సంగతి విన్నాక డబ్బు మాట మళ్ళీ ఎత్తలేదు. వరి మళ్ళు అయిపోయి, ఉప్పు మళ్ళు వచ్చి, మొగలి పొదలు, తర్వాత సరుగుడు తోటలు. గాలిలో ఎండుచేపల వాసన. ఊరి పేరు నేను రాయను. నేను వాళ్ళకు చేసినదాని తర్వాత అది వద్దనిపిస్తోంది.

వలలు కుట్టుకుంటున్నవాళ్ళని అడిగితే ఇల్లు చూపించారు. రేకుల ఇల్లు, వాకిట్లో బాలింత మంచం. మంచం మీద పద్దెనిమిదేళ్ళ పిల్ల, పక్కన పాత చీర మడతలో పసిగుడ్డు. నూకమ్మ వంటింట్లోంచి వచ్చింది. సూరమ్మని చూసి నవ్వబోయి, మా ముఖాలు చూసి ఆగిపోయింది.

"నూనె... గుంటకి రాసినావా?" అంది సూరమ్మ.

"నిన్న సాయింత్రం రాసినాను, ఈ పొద్దున్న రాసినాను. ఏటి?"

సింహాచలం లోపలికి వెళ్ళి క్యాన్ తెచ్చాడు. తిరగేశాడు. రూపాయి బిళ్ళంత నల్లటి మచ్చ.

"పొద్దున్నించి గుంట పాలు తాగట్లేదు" అని బాలింత పిల్ల మెల్లగా అంది. "చొంగ కారతానే ఉన్నాది. అమ్మ దిష్టి తీసింది."

నేను అక్కడే కదలకుండా నిలబడిపోయాను. ఇన్ని గంటలు పరుగెత్తి వచ్చినదాన్ని, తీరా చేరాక ఏం చేయాలో నాకు తెలియలేదు. కదిలింది సింహాచలం. గట్టిగా అరిచాడు.

"సబ్బు తెండి. గోరెచ్చని నీళ్ళు తెండి. ముందు ఒళ్ళు కడగాల. ఆ గుడ్డ తీసీయండి, తల్లి సీర కూడా మార్సండి. మందు పని సేసినోణ్ణి, నాకు తెల్సు."

మందు అనేసరికి నూకమ్మకు అర్థమైంది. ఓలమ్మో అని ఒక్క కేక పెట్టి, మరుక్షణం నీళ్ళకు పరుగెత్తింది. సింహాచలం నీళ్ళు పోస్తుంటే నూకమ్మ కాళ్ళ మీద వేసుకుని పిల్లను కడిగింది. తల, మెడ మడతలు, చంకలు. పిల్ల గట్టిగా ఏడవాలి. ఏడవలేదు. నోటి చివర నురగ, కళ్ళ వెంట నీళ్ళు. నూకమ్మ చేతులు కూడా మోచేతుల దాకా సబ్బుతో కడిగించాం.

అదే ఆటోలో టెక్కలి బయల్దేరాం. సింహాచలం డ్రైవరు పక్కన, వెనక తల్లీ నూకమ్మా నేనూ. సూరమ్మ చోటు లేక ఉండిపోయింది. పిల్ల నా ఒళ్ళో ఉంది. ఎందుకు నాకిచ్చారో తెలీదు. నా అరచెయ్యి పిల్ల గుండె మీద ఆన్చి ఉంచాను. ఊపిరి వస్తోంది, ఆగుతోంది, మళ్ళీ వస్తోంది. ఆగినప్పుడల్లా నా ఊపిరీ ఆగేది. నౌపడ గేటు దగ్గర రైలు కోసం గేటు వేసి ఉంది. నూకమ్మ దిగి గేటు పట్టుకుని, సముద్రపు హోరు మీద పిలిచే గొంతుతో అరిచింది. రైలు దాటిపోతుంటే దాని పెట్టెలు ఒక్కొక్కటే లెక్కపెట్టాను.

టెక్కలి ఆసుపత్రిలో డాక్టరు వయసులో చిన్నది. పిల్ల కళ్ళు లైటు వేసి చూసి, "ఏ మందు? పేరు తెలుసా?" అంది.

సింహాచలం జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశాడు. పాత సీసా నుంచి చించిన లేబులు. ఇంటి దగ్గరే చించి తెచ్చుకున్నాడట, నాకు చెప్పలేదు. డాక్టరు అది చదివి నర్సుకు ఏదో సూది మందు పేరు చెప్పింది. తర్వాత మావైపు తిరిగింది.

"సబ్బుతో కడిగారు కాబట్టి సరిపోయింది. ప్లాస్టిక్ మందును పీల్చుకుంటుందమ్మా, ఎన్నిసార్లు తోమినా పోదు, నూనె పోస్తే అందులోకి దిగుతుంది. సరే, పొద్దున్నే తెలిసిందన్నారు కదా, ఆ ఊరి ఆశా కార్యకర్తకు కబురు పెట్టకపోయారా? ఇక్కడికి ఫోను చేసినా మేం చెప్పేవాళ్ళం."

ఆ మాట నాకు రైల్లో తట్టలేదు. భయంలో కాళ్ళు పనిచేశాయి, బుర్ర పనిచేయలేదు. దీన్ని చదివేవాళ్ళకు ఆ ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్తున్నాను: పరుగెత్తే ముందు ఫోను చేయండి, మీకు తెలిసినవాళ్ళకే కాదు, ఆ ఊళ్ళో ఎవరుంటే వాళ్ళకి.

ఒంటిగంటన్నర నుంచి నాలుగున్నర దాకా వరండాలో కూర్చున్నాం. ఆ మధ్యలో మాలో మిగతా పదిమందికీ ఫోన్లు చేశాను. ఎక్కడి నూనె అక్కడ ఆపమన్నాను, ఉన్న క్యాన్లన్నీ వెనక్కి రప్పించమన్నాను. తవిటమ్మ ఫోనెత్తి, "గుంట బతికుందా?" అని మాత్రం అడిగింది. ఉందన్నాను. అవతల ఏడుపు.

నాలుగున్నరకు పిల్ల ఏడ్చింది. వరండాలో అందరం ఒకేసారి లేచాం. ఐదింటికి నర్సు వచ్చి, పాలు తాగిందని చెప్పింది. రాత్రికి ఉంచి చూడాలంది. నూకమ్మ గోడకు ఆనుకుని కూర్చుని, అప్పటిదాకా చూడనట్టు నన్ను చూసింది.

"సూరమ్మ మీ నూనె మంచిదన్నాది, నాను దాన్ని నమ్మినాను. అది మిమ్మల్ని నమ్మినాది. మీరెవుల్ని నమ్మినారు?"

"ఎవర్నీ అడగలేదమ్మా" అన్నాను. అదే నిజం.

ఆమె తల ఊపింది. క్షమించానని అనలేదు, తిట్టనూ లేదు. సింహాచలం ఆమె కాళ్ళ దగ్గర కూర్చోబోతే, "లెగు. నీవు నీళ్ళు పోసినావు" అని అతన్ని మాత్రం లేపింది.

టెక్కలిలో బస్టాండు దగ్గర లాడ్జీలున్నాయి, ఆ దారిన వెళ్ళేవాళ్ళకు పనికొస్తాయి. మేం ఆసుపత్రి వరండాలోనే ఉండిపోయాం. పొద్దున్న డాక్టరు వచ్చి చూసి, ఇక ఫరవాలేదు గాని మరో రోజు ఉండండి అంది. క్యాన్ ఆసుపత్రివాళ్ళు తీసుకున్నారు. నూకమ్మ భర్త వేట నుంచి వచ్చి, తడిబట్టలతోనే పిల్ల మంచం పక్కన నిలబడ్డాడు. ఆయనతో మాట్లాడే ధైర్యం నాకు లేకపోయింది. నా నంబరు, మా ఊరు, గానుగ ఎక్కడో అంతా కాగితం మీద రాసి నూకమ్మకు ఇచ్చాను. ఆమె దాన్ని రెండుసార్లు మడిచి జాకెట్లో దోపుకుంది.

పదీ నలభైకి నౌపడలో విజయనగరం వైపు పాసింజరు ఎక్కాం. రద్దీ లేదు. సింహాచలం ఎదుటి బల్ల మీద కూర్చున్న చోటే నిద్రపోయాడు. నేను కిటికీ పక్కన కూర్చున్నాను. ఇదివరకు ఈ లైను గురించి రాసినప్పుడు, వెళ్ళేటప్పుడు ఎడమ వైపు కూర్చుంటే కొండలు బాగా కనిపిస్తాయని రాసేదాన్ని. ఆ రోజు కొండలు ఎటున్నాయో కూడా చూడలేదు. ప్రతి స్టేషనులో మనుషులు చేతులు మార్చుకునే వస్తువులే కనిపించాయి. గంపలు, టిఫిను క్యారియర్లు, పాల కేన్లు, మందుల సంచులు. ఎవరి దగ్గర్నుంచి ఎవరికో, లోపల ఏముందో విప్పి చూడకుండా. రోజంతా, ఊరూరా ఇలాగే జరుగుతుంది. ఎన్నడూ భయం వేయలేదు. ఇప్పుడు వేసింది.

తిలారులో బండి కదలబోతుండగా ఒకావిడ పరుగెత్తుకొచ్చి, చువ్వల్లేని కిటికీలోంచి ఒక మూట నా చేతుల్లో పెట్టింది.

"పొందూరులో మా సెల్లి వస్తాది. కాస్త అందీయమ్మా!"

"ఇందులో ఏముంది?"

"గోంగూర, రెండు కొబ్బరికాయలు!"

"మీ చెల్లెలి పేరు?" బండి కదిలింది. నేను కిటికీలోంచి ముఖం బయటికి పెట్టి అరిచాను. "పేరు చెప్పమ్మా!"

"గౌరి!" అంటూ ఆవిడ వెనకబడిపోయింది.

మూట విప్పి చూశాను. గోంగూర, రెండు కొబ్బరికాయలు. మళ్ళీ కట్టి, పొందూరు దాకా ఒళ్ళోంచి దించలేదు. బండి ఆగేసరికి మూటతో తలుపు దగ్గర నిలబడ్డాను. ఎర్రచీర కట్టుకున్న మనిషి ప్లాట్‌ఫారం మీద పెట్టెలు వెతుక్కుంటూ వచ్చి, మూట చూసి చెయ్యి చాచింది.

"నీ పేరేంటమ్మా?"

"గౌరి."

"ఎవరు పంపారు?"

"మా అప్ప."

"ఏ ఊరి నుంచి?"

"తిలారు. ఏటమ్మా, గోంగూరకి పోలీసోలులా అడుగుతున్నావు?" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. ఆమె రెండు చేతులూ చాచేదాకా ఆగి, అప్పుడు మూట ఇచ్చాను. బండి కదిలింది. ఆమె మూట చంకలో పెట్టుకుని గేటు దాటి, రోడ్డు మీదికెక్కి, కనుమరుగయ్యేదాకా తలుపు దగ్గరే నిలబడి చూశాను.